సైకిలమ్మకిచ్చిన గది

మా అత్తయ్య కుట్టుమిషన్ ఇరవై రెండేళ్ళపాటు ముందుగదిలో కిటికీ కిందే ఉంది. అది అక్కణ్ణుంచి కదిలింది ఒక్కసారే, నేను కాపురానికి వచ్చిన ఏడాది ఎండాకాలంలో. అటు అత్తయ్య, ఇటు నేను పట్టుకుని, రొప్పుకుంటూ, వంటింటికీ వెనకగదికీ మధ్యనున్న నడవలోకి మోసుకెళ్ళాం. "నాలుగు రోజులే కదా" అంది అత్తయ్య నడుం పట్టుకుని. నలభై నాలుగు రోజులైంది.

ఎండాకాలమే మాకు పనికాలం. సెలవులు ఇచ్చిన వారానికే రెండు స్కూళ్ళ నుంచి తానులు దిగేవి. ఒక స్కూలుకి లేత నీలం చొక్కాలు, ఇంకోదానికి లేత బూడిదరంగువి. స్కూళ్ళు తెరిచేలోపు అన్నీ కుట్టి, కాజాలు తీసి, గుండీలు వేసి, ఇస్త్రీ చేసి, సైజుల వారీగా కట్టలు కట్టి ఇవ్వాలి. మిగతా ఏడాదంతా చిరుగులు, సవరింపులు, దిండు గలేబులు. అత్తయ్య చేతిపని అంటే ఆ చుట్టుపక్కల గురి. పదకొండేళ్ళలో ఒక్క చొక్కా వెనక్కి రాలేదని ఎదురింటావిడ నాకు పెళ్ళిచూపుల నాడే చెప్పింది, అదేదో ఆస్తి వివరం చెప్పినట్టు.

అప్పటికి నేను ఆ ఇంటికొచ్చి అయిదు నెలలు. మా ఆయన బస్సు డిపోలో మెకానిక్కు. పొద్దున్నే వెళ్ళి, సాయంత్రం గోళ్ళల్లో గ్రీజుతో వచ్చేవారు. మామయ్య లేరు. పగలంతా ఇంట్లో అత్తయ్యా నేనూ. అత్తయ్య గట్టిగా కసురుకునే మనిషి కాదు, అలాగని మాట్లాడే మనిషీ కాదు. మిషన్ మీద కూర్చుంటే పెదాల మధ్య గుండుసూదులు, ఇక మాటెక్కణ్ణుంచి వస్తుంది. నా వంతు వంట, గుండీలు. మిషన్ నేర్పమంటే "చూద్దాంలే" అనేది. పుట్టింట్లో నన్ను నోరు మూయించడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఇక్కడ ఒక్కోరోజు నా గొంతు నేనే విని ఉలిక్కిపడేదాన్ని. డిగ్రీలో కష్టపడి నేర్చుకున్న ఇంగ్లీషు ట్రంకుపెట్టె అడుగున, సర్టిఫికెట్ల కింద పడి ఉంది.

ఒక మధ్యాహ్నం వీధి మలుపులో దబ్బున ఏదో పడ్డ చప్పుడైంది. అత్తయ్య మిషన్ ఆపి కిటికీలోంచి చూసింది.

"అమ్మాయ్, ఎవరో పడ్డారు. నీళ్ళు పట్రా" అని, చెప్పులైనా వేసుకోకుండా వెళ్ళింది.

నేను వెళ్ళేసరికి కంకర మీద ఒక తెల్లావిడ కాలు పట్టుకుని కూర్చుని ఉంది. ముప్పై దాటి ఉంటాయి. పక్కన నాలుగు సంచులు వేలాడుతున్న సైకిలు, ముందు చక్రం వంకర తిరిగిపోయి. ఇద్దరం చెరో రెక్కా పట్టుకుని మా ఇంటి మెట్టు మీదకి చేర్చాం. మా వీధి చివరుండే కాంపౌండరు వచ్చి, పాదం అటూ ఇటూ తిప్పి చూసి, ఎముక విరగలేదు గానీ చీలమండ బాగా బెణికింది, మూడు వారాలు బరువు ఆనించకూడదు అన్నాడు.

దగ్గర్లో లాడ్జి ఉందా అని ఆవిడ నన్నడిగింది. బస్టాండు పక్కన ఉంది. గదులు మూడో అంతస్తులో. ఆ మాట చెబితే అత్తయ్య ఆలోచించను కూడా లేదు.

"ఆ కాలితో మెట్లెక్కుతుందా ఏమన్నా. మన ముందుగదిలో ఉంటుందిలే. నాలుగు రోజులకి వాపు దిగుతుంది."

ఆవిడ మెట్టు మీద కూర్చుని నీళ్ళు తాగుతుండగానే లోపల మేం మిషన్ మోసేశాం, తానులు వెనకగదిలోకి చేర్చేశాం, దారప్పోగులు ఊడ్చేశాం. మంచం వేసి ఉతికిన దుప్పటి పరిచాక చూస్తే అది ఎప్పుడూ పడకగదే అన్నట్టుంది.

లోపలికి తీసుకొస్తే ఆవిడ గుమ్మంలో ఆగింది. "ఇది ఎవరి గది? నాకోసం ఎవరినీ ఖాళీ చేయించకండి."

నేను అత్తయ్యకి చెప్పాను.

"ఎవరిదీ కాదు, వచ్చేపోయే వాళ్ళ కోసం ఉంచుకున్నదని చెప్పు."

ఆ గదిలో అప్పటిదాకా ఏ చుట్టమూ పడుకోలేదు. అయినా అత్తయ్య అన్నమాటే అన్నట్టుగా చెప్పాను. అంతవరకు నా తర్జుమాలో పొల్లు లేదు.

పేరు రెండుసార్లు చెప్పింది. అత్తయ్య నోరు తిరగలేదు. సాయంత్రానికల్లా ఆవిడ సైకిలమ్మ అయిపోయింది. దాని అర్థం చెబితే పకపకా నవ్వి, నోటుబుక్కులో రాసుకుంది.

సైకిలమ్మ చెడ్డది కాదు. ఈ కథ విన్నవాళ్ళు కొందరు ముందే ఆవిడ మీద మొహం ముడుచుకుంటారు, అందుకని చెబుతున్నాను. పెట్టింది తినేది. తిన్న కంచం తనే కడుగుతానని కుంటుకుంటూ లేచేది. ఏడాదిన్నరగా సైకిలు మీద దేశాలు తిరుగుతోందట. తన ఊళ్ళో లైబ్రరీలో ఉద్యోగం, సెలవు పెట్టి వచ్చింది. దారిలో ఎక్కడ చీకటి పడితే అక్కడ ఏదో ఒక ఇంటివాళ్ళు రమ్మన్నారని, ఆ ఇళ్ళ గురించే రాసుకుంటున్నానని చెప్పింది. మా మాటలు రోజుకి అయిదు నేర్చుకునేది. అత్తయ్యని చూసి "బాగుంది, బాగుంది" అనేది, ఏమడిగినా అదే జవాబు. ఒకరోజు ఆయన తలకి దెబ్బ తగిలించుకుని వస్తే కూడా "బాగుంది" అంది. ఆయన మొహం చూడాలి అప్పుడు.

నాకైతే ఆ ఇంట్లో కొత్తగా ప్రాణం వచ్చినట్టయింది. ఆవిడ మాట్లాడాలంటే నేను కావాలి. అత్తయ్య మాట్లాడాలంటే నేను కావాలి. ఎదురింటావిడ, కాంపౌండరు, ఆఖరికి పాలాయన కూడా "ఏమంటోంది, ఏమంటోంది" అని నా మొహంకేసి చూసేవాళ్ళు. సాయంత్రం భోజనాల దగ్గర నా మాట కోసం ముగ్గురు ఆగేవాళ్ళు. మధ్యాహ్నాలు నేను గుండీలు పట్టుకుని ముందుగదిలోకి వెళ్ళేదాన్ని. ఫ్యాను కింద కూర్చుని ఆవిడ ఊళ్ళ గురించి చెప్పేది. నేను వినేదాన్ని, నవ్వేదాన్ని, అడిగేదాన్ని. గుండీలు కొన్ని చొక్కాలకి తలకిందులుగా పడ్డాయి కూడా.

తలుపు దగ్గరగా వేసుకోవడం ఆవిడకి అలవాటు. తలుపవతల నడవలో మిషన్ తిరిగే చప్పుడు వినిపిస్తూనే ఉండేది.

నడవలో కిటికీ లేదు. ఆయన ఒక మేకు కొట్టి, బల్బు కిందకి దించి కట్టారు. ఆ పసుప్పచ్చ వెలుతుర్లో అత్తయ్య ముందుకి వంగి, ముక్కు గుడ్డకి ఆనేంత దగ్గరగా పెట్టుకుని కుట్టేది. వంటింటి సెగ ఒకవైపు, గోడ వేడి ఒకవైపు. స్నానాలగదికి వెళ్ళాలంటే ఎవరైనా అటే వెళ్ళాలి. సైకిలమ్మ కర్ర ఊతంగా వస్తుంటే అత్తయ్య స్టూలు వెనక్కి లాక్కుని దారిచ్చేది, ఆవిడ దాటాక మళ్ళీ ముందుకి జరిగేది. రోజులో ఎన్నిసార్లో.

ఒకసారి సైకిలమ్మ అక్కడ ఆగి కెమెరా తెప్పించుకుంది. "ఆ వెలుతురు చూడు, మీ అత్తగారి మొహం మీద ఎలా పడుతోందో. పాతకాలపు బొమ్మలా ఉంది."

"మీరు బొమ్మలా ఉన్నారంటోంది" అన్నాను.

"చాల్లే. చెమట తుడుచుకోనీ ముందు" అంది అత్తయ్య. ముగ్గురం నవ్వాం. ఆవిడ ఫోటో తీసింది.

ఇరవై రోజులకి కాలు నిలబడింది. చక్రాన్ని ఆయన డిపోకి పట్టుకెళ్ళి సరిచేయించి తెచ్చారు. సైకిలు మెట్ల కింద తుడిచి పెట్టి ఉంది. ఇక బయల్దేరుతుందనుకున్న రోజు సైకిలమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"నేను వెళ్ళగలను. వెళ్ళాలంటే రేపే వెళ్తాను. కానీ ఇక్కడ ఉంటే నాకు రాయడం సాగుతోంది, ఇంత హాయిగా ఈ ప్రయాణంలో ఎక్కడా లేను. మీ అత్తగారిని అడుగు. మర్యాద కోసం ఉండమనొద్దని చెప్పు. ఇబ్బందిగా ఉంటే ఉందని చెప్పమను, లాడ్జికి మారిపోతాను, ఏమీ అనుకోను. నాకు నిజమైన జవాబు కావాలి."

అంతకంటే సూటిగా ఏ మనిషీ అడగలేదు. నేను లేచి నడవలోకి వెళ్ళాను. అత్తయ్య సూదిలో దారం ఎక్కిస్తోంది. బల్బుకేసి ఎత్తి పట్టుకుని, కళ్ళు చికిలించి, కొస నాలికతో తడిపి, మళ్ళీ, మళ్ళీ. నేను తీసుకుని ఎక్కించి ఇచ్చాను.

నా చేతిలో ఉన్న ప్రశ్న ఏమిటో నాకు తెలుసు. అది అలాగే అడిగితే అత్తయ్య కాసేపు ఊరుకుని, చివరికి ఏదో ఒక మాట అనేదే. ఆ కాసేపు ఊరుకోవడం చాలు, సైకిలమ్మకి అర్థమయ్యేలా చెప్పడానికి. రేపు మధ్యాహ్నం ఆ గది ఖాళీగా ఉంటుందని తల్చుకున్నాను.

"సైకిలమ్మకి ఇక్కడ బాగుందట. ఇంకొన్నాళ్ళు ఉండనిమ్మంటోంది" అన్నాను.

అత్తయ్య చక్రం మీద చెయ్యి వేసి నా వంక చూసింది. కొంచెం ఎక్కువసేపే చూసింది.

"ఉండమను" అని మిషన్ తొక్కడం మొదలుపెట్టింది.

నేను వెనక్కొచ్చి, "అసలు వెళ్ళనే వద్దంటోంది" అని చెప్పాను. సైకిలమ్మ నా చేతులు రెండూ పట్టుకుంది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ రోజు నాకు సిగ్గు వేయలేదు. అది చాలా తర్వాత, కొద్దికొద్దిగా వేసింది.

వారం తిరక్కుండా ఆయన నన్ను పెరట్లోకి పిలిచారు. బావి దగ్గర చేతులు తోముకుంటూ, తల తిప్పకుండా అడిగారు.

"అమ్మ కళ్ళు చూశావా? చింతనిప్పుల్లా ఉన్నాయి. ఆవిడెప్పుడు వెళ్తుంది?"

"అత్తయ్యే ఉండమన్నారు."

"అమ్మ ఎవరినైనా పొమ్మంటుందా? నువ్వే ఎలాగో చెప్పొచ్చుగా. నీకా భాష వచ్చు."

"నేనెలా చెప్తానండీ? పెద్దావిడ ఉండమన్నాక."

ఆయన నీళ్ళు తల మీద గుమ్మరించుకున్నారు. రోజూ పొద్దున డిపోకి వెళ్ళేముందు ఒక అరగంట తల్లి పక్కన కూర్చుని బాబిన్లకి దారం చుట్టి వెళ్ళడం ఆ మర్నాటి నుంచే మొదలుపెట్టారు.

నలభై మూడో రోజున లేత నీలం చొక్కాల స్కూలు గుమస్తాగారు వచ్చారు. మనిషి మెతక. అత్తయ్యని అక్కయ్యగారూ అని పిలుస్తారు. రిక్షా తెచ్చుకుని, తీసుకెళ్ళడానికి సిద్ధంగా వచ్చారు. కట్టలు వాకిట్లోకి మోసి పెట్టాం. అలవాటు కొద్దీ ఆయన పై కట్ట విప్పి, ఒక చొక్కా తీసి, ఎండలో విదిలించి చూశారు. పక్కకి పెట్టి ఇంకోటి తీశారు. మూడోదీ నాలుగోదీ తీసి మెట్టు మీద పక్కపక్కన పరిచారు.

"అక్కయ్యగారూ, ఇటొకసారి రండి."

అత్తయ్య వచ్చి నిలబడింది. ఎండలో స్పష్టంగా ఉంది. చొక్కా నీలం, జేబు బూడిదరంగు. నడవలో ఆ బల్బు కింద ఆ రెండూ ఒకటే రంగు. గుండీలు నేనే వేశాను, కిటికీ వెలుతుర్లోనే, కబుర్లలో పడి జేబుల వంక చూడలేదు. ఆయన ఒక్కో కట్టా విప్పుతూ పోయారు. కొన్ని బాగున్నాయి. చాలావాటికి జేబులు మారిపోయాయి, కొన్నిటికి కాలరు పట్టీలు కూడా.

అత్తయ్య ఒక చొక్కా తీసుకుని జేబు మీద బొటనవేలితో రుద్దింది, మరకేమో అన్నట్టు. తర్వాత మడత పెట్టి కింద పెట్టింది.

"నాలుగు రోజులివ్వండి. విప్పి వేస్తాను."

"నా చేతుల్లో ఉంటే ఇవ్వనా? ఎల్లుండి పంచాలి. మా హెడ్మాస్టరుగారు కొత్తమనిషి, ఆయనకి మీ సంగతి తెలీదు. బజార్లో ఇంకో టైలరు అడుగుతూనే ఉన్నాడు..." అని మాట మింగేశారు. బాగున్నవి, ఇంకా కత్తెర పడని తానులు, అన్నీ రిక్షాలో పెట్టమన్నారు. జేబులు మారినవి మాత్రం మాకు వదిలేశారు, బాగుచేసి ఎప్పుడిచ్చినా తీసుకుంటాననే మర్యాద మాటతో.

ఆ అలికిడికి ముందుగది తలుపు తెరుచుకుంది. సైకిలమ్మ వచ్చింది. "పని పూర్తయిందా? తీసుకెళ్తున్నారా?" అంది సంతోషంగా.

"అవును" అన్నాను.

"నేనూ సాయం పడతాను, ఇన్నాళ్ళూ తిని కూర్చున్నాను" అని, ఎవరూ అడక్కుండానే, రెండు చేతులా తానులు ఎత్తుకుని రిక్షా దాకా మోసింది. నాలుగు విడతలు తిరిగింది. చివరి తాను పెట్టి, గుమస్తాగారికి దణ్ణం పెట్టి, "బాగుంది" అంది. ఆయన ఎటు చూడాలో తెలియక చెప్పులు చూసుకున్నారు. అత్తయ్య తువ్వాలు తెచ్చి సైకిలమ్మకి ఇచ్చింది, చెమట తుడుచుకొమ్మని.

ఆ మధ్యాహ్నం నడవలో మిషన్ చప్పుడు లేదు. నేను గుండీలు లేకుండా, ఉత్త చేతులతో ముందుగదిలోకి వెళ్ళాను. మొత్తం చెప్పాను. గది ఎవరిదో, మిషన్ ఎక్కడుండేదో, రిక్షాలో వెళ్ళిందేమిటో.

సైకిలమ్మ చేతిలోని కలం మూసి పక్కన పెట్టింది. తర్వాత నెమ్మదిగా అంది, "నేను అడిగాను కదా."

"అడిగారు."

"నిజం చెప్పమన్నాను. ఇంతకంటే ఎలా అడగాలో నాకు తెలీదు."

"మీరు సరిగ్గానే అడిగారు. నేనే అత్తయ్యకి సరిగ్గా చెప్పలేదు."

"ఎందుకు?"

ఇంగ్లీషులో నాకు దానికి మాటలు రాలేదు. మా భాషలో అడిగినా వచ్చేవి కావు. ఆవిడ నా మొహం చూసింది, ఇంక అడగలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

"ఏడాదిన్నరలో ముప్పైకి పైగా ఇళ్ళల్లో పడుకున్నాను. ప్రతి ఇంట్లోనూ అడిగాను. ఒక్కళ్ళు కూడా ఇబ్బంది అనలేదు. మంచి మనుషులు అని రాసుకున్నాను. ఆ రాత్రుళ్ళు వాళ్ళెక్కడ పడుకున్నారో ఒక్కచోట కూడా చూడలేదు." మళ్ళీ నా వైపు తిరిగి, "అందరిళ్ళల్లోనూ నువ్వు ఉండవు కదా, తప్పు నీదేనని నేను సరిపెట్టుకోడానికి" అంది.

మర్నాడు పొద్దున్నే సంచులు కట్టుకుంది. అత్తయ్య ఎదురుగా నిలబడి, తనకొచ్చిన మాటలన్నీ వెతుక్కుని, వాటిల్లో కావలసినది దొరక్క, నా వైపు చూసింది. "నన్ను క్షమించమన్నానని చెప్పు" అంది. చెప్పాను.

"తనేం చేసింది, పిచ్చిపిల్ల. కాలు జాగ్రత్తని చెప్పు" అంది అత్తయ్య. అది కూడా చెప్పాను.

ఏదైనా ఇవ్వాలనుందని, కానీ ఇలాంటి ఇళ్ళల్లో డబ్బివ్వబోతే నొచ్చుకుంటారని ఏదో పుస్తకంలో చదివానని, ఏం చెయ్యాలో చెప్పమని నన్నడిగింది. నాకూ తెలీదన్నాను. ఆవిడ సైకిలు ఎక్కకుండా, నడిపించుకుంటూనే వీధి మలుపు దాటింది.

ఆ సాయంత్రం నేనూ ఆయనా కలిసి మిషన్ మళ్ళీ కిటికీ కిందకి చేర్చాం. అత్తయ్య స్టూలు వేసుకుని, జేబులు మారిన చొక్కాల గుట్ట ముందు పెట్టుకుంది. నేను ఎదురుగా నేలమీద కూర్చున్నాను. ఇద్దరం బ్లేడుతో కుట్లు విప్పుతున్నాం. పది చొక్కాలయ్యాక నోరు పెగుల్చుకున్నాను.

"అత్తయ్యా, ఆ రోజు తనడిగింది వేరు. నేను మీకు చెప్పింది వేరు."

"తెలుసు."

బ్లేడు నా చేతిలో ఆగిపోయింది. అత్తయ్యది ఆగలేదు.

"నాకు ఇంగ్లీషు రాదు గానీ పొడుగు తెలుస్తుంది కదే. తలుపవతల ఆ అమ్మాయి అంతసేపు మాట్లాడింది. నువ్వొచ్చి రెండు ముక్కల్లో చెప్పావు. మిగతాదంతా ఎక్కడికెళ్ళింది?"

"మరి తెలిసీ ఎందుకు ఉండమన్నారు?"

అత్తయ్య ఒక జేబు పూర్తిగా విప్పి, దారాలు దులిపి, గుడ్డ పక్కన పెట్టింది.

"నువ్వు నవ్వుతుంటే వినిపించేది నడవలోకి. ఈ ఇంటికొచ్చాక నువ్వు నవ్వగా అప్పుడే విన్నాను." ఇంకో చొక్కా అందుకుంది. "జేబులకి రంగు చూసుకోకపోవడం నా బుద్ధితక్కువ. దాన్ని నీ మీదా తన మీదా వేయను. విప్పు, విప్పు."

నేను తలవంచుకుని విప్పాను. కుట్లు కనిపించలేదు కొంతసేపు.

కళ్ళ డాక్టరు రెండు నెలలు సూదిపని వద్దన్నాడు. రెండో స్కూలు బట్టలు ఇంకా సగం ఉన్నాయి. అత్తయ్య నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, తను వెనక నిలబడింది. మొదటి రోజు నేను కుట్టిన కాలరు చూసి, "ఇది మెడకా, మోకాలికా" అంది. వారానికి "పర్వాలేదు" అంది. గుండీలు తను తీసుకుంది, చేత్తో తడిమి వేయొచ్చని. నోట్లో గుండుసూదులు నాకొచ్చాయి, మాటలు తనకొచ్చాయి. ఇన్నేళ్ళు ఎక్కడ దాచుకుందో తెలీదు, నా వెనక నిలబడి మామయ్య సంగతులు, తన పుట్టింటి సంగతులు, ఎదురింటావిడ సంగతులు చెబుతూనే ఉండేది. నీలం స్కూలు పని మాత్రం మళ్ళీ మాకు రాలేదు. ఆ ఏడాదంతా సాయంత్రాలు ఆయన డిపోలో రెండో షిఫ్టు కూడా చేశారు. ఒక్కసారి కూడా ఎత్తిపొడవలేదు. ఎత్తిపొడిచి ఉంటే బాగుండేదనిపించేది అప్పుడప్పుడు.

చలి మొదలయ్యాక సైకిలమ్మ ఉత్తరం వచ్చింది. తన ఊరు చేరిందట. ఇళ్ళ గురించి రాసుకున్నదంతా పక్కన పెట్టేసిందట. ఉత్తరంలో ఎక్కువ భాగం అత్తయ్యకే. మొదటి వాక్యం మాత్రం నాకు: "దయచేసి ఇది ఏమీ మార్చకుండా చదివి చెప్పు."

చెవులు వేడెక్కాయి. కానీ అలాగే, ఒక్కో వాక్యం ఆగి ఆగి చదివి చెప్పాను. తన వల్ల మాకేం పోయిందో తెలుసుననుకుంటున్నానని, కానీ అత్తయ్య నోటి నుంచి వినాలని ఉందని, తను ఏ దశలో వద్దనాల్సిందో, అసలు ఉండడమే తప్పా అని, ఇంకెప్పుడూ ఎవరింట్లోనూ ఉండకూడదా అని అడిగింది.

అత్తయ్య కాజాలు కుడుతూ విన్నది. అంతా అయ్యాక "రాసుకో" అంది. నేను కాగితం తెచ్చుకున్నాను.

"ఉండడం తప్పు కాదని రాయి. రోడ్డు మీద పడ్డ మనిషిని నేనే లోపలికి తెచ్చుకున్నాను, ఎవరైనా తెచ్చుకుంటారు. ఎవరింట్లోనూ ఉండననడం దేనికి, అంత కోపం ఎవరి మీద." నేను రాసేదాకా ఆగింది. "అయితే ఆ గదిలో కిటికీ కింద నేల మీద నాలుగు గుంటలున్నాయి. మిషన్ కాళ్ళవి. మంచం దిగితే కాలు పడేది వాటి మీదే. అవేమిటని ఒక్కసారైనా చూసి ఉండాల్సింది. అడిగితే ఎవరైనా పర్వాలేదనే అంటారు. నోటిని అడిగితే అంతే. ఇంట్లో నాలుగు వైపులా చూస్తే తెలుస్తుంది. రాశావా?"

"రాశాను."

"మొత్తం రాశావా?"

"ఒక్క ముక్క వదల్లేదు అత్తయ్యా."

"ఊఁ." దారం కొరికి, చొక్కా కిటికీ వెలుతురులోకి ఎత్తి, రంగు చూసి, మడత పెట్టింది. "మళ్ళీ రమ్మన్నానని రాయి."

కలం ఆపి చూశాను. "మర్యాదకా, నిజంగానా?"

"నిజంగానే. స్కూళ్ళు తెరిచాక రమ్మను."